బొటనవేలి దాకా

తొడ దాకా వచ్చింది. దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, ఎవరూ చూడకుండా గిల్లి చూసుకుంది ముత్తవ్వ, కుడితొడ మీద ఒకసారి, ఎడమతొడ మీద రెండుసార్లు, ఎడమదానికి రెండెందుకంటే సంగతంతా దానిదే కాబట్టి, అవును, తెలుస్తోంది, చురుక్కుమనకపోయినా మందపాటి గొంగడి మీంచి ఎవరో గిల్లినట్టు తెలుస్తోంది, గోడ గడియారంలో ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువ, ఇందాక పన్నెండున్నరకు గిల్లినప్పుడు ఆ తొడ తనది కాదు, పక్కమంచం మీద ఎవరిదో, ఇప్పుడు తనది. నవ్వొచ్చింది ఆమెకు. యాభై రెండేళ్ల మనిషి, సొంత తొడ గిల్లుకుని సంబరపడటమేమిటి? సంబరమే మరి, లేచి కూర్చుని కేకెయ్యాలని ఉంది, లేవద్దన్నారు. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో, సందు సందుకీ ఒక ఆస్పత్రి ఉన్న ఆ పేటలో, రెండో అంతస్తు గదిలో వెల్లకిలా పడుకోబెట్టారు ఆమెను. పొద్దున వెన్నులో సూది గుచ్చి నడుము కిందంతా మొద్దుబార్చి, బోర్లా తిప్పి, చిరిగిన డిస్కులోంచి బయటికొచ్చి నరాన్ని నొక్కుతున్న ముక్కను తీసేశారు. బయటికి తెస్తున్నప్పుడే డాక్టరు మల్లికార్జున్ తల దగ్గరికి వంగి చెప్పాడు: "తిమ్మిరి పైనుంచి కిందికి దిగుతుందమ్మా. ముందు తొడలు, తర్వాత మోకాళ్లు, అన్నిటికంటే ఆఖరున పాదాలు. రెండింటికి నేనే వచ్చి చూస్తా. ఎడమ బొటనవేలు ఏ కొంచెం లేచినా మన పంట పండినట్టే. లేవకపోతే నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. కొందరికి అసలు రాదు కూడా." అందుకే ఈ గిల్లుడు. ఆ బొటనవేలు లేవక ఇవాళ్టికి మూడు రోజులు.

మోకాలు ఇంకా రాలేదు, రానీ, తొందరేముంది, తొందరే ఉంది, కానీ తొందరపడితే నీళ్లు వస్తాయా? కొత్తగా కాపురానికొచ్చిన ఏడు కోటగిరిలో నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారని ఎవరో చెబితే అత్త చూడకుండా పరుగెత్తింది, పద్దెనిమిదేళ్లది, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని కాలువ గట్టు మీద. నీళ్లకంటే ముందు నీళ్ల వాసన వచ్చింది, ఎండిన మట్టి తడిసే వాసన, తర్వాత నురగ, నురగ నెత్తిన ఎండుటాకులు, పుల్లలు, ఎవరిదో తెగిన చెప్పు, ఎండ్రకాయల బొక్కల్లోంచి బుడగలు బుడబుడ, పిల్లలు గట్టు మీద గంతులేస్తూ "నీళ్లొచ్చినయ్! నీళ్లొచ్చినయ్!" అని ఒకటే అరుపు. నీళ్లు మనిషి నడక కంటే నెమ్మదిగా వచ్చాయి, ఒక్కో గుంత దగ్గర ఆగి, గుంత నిండాక తలెత్తి మళ్లీ కదిలి. ఆమె నీళ్లకు రెండడుగులు ముందు వెనక్కి నడుస్తూ, రా, రా, అని పిలిచింది వాటిని, కోడెదూడను పిలిచినట్టు. వాళ్ల పొలం కాలువ ఆఖరున. ఆ ఏడు వచ్చాయి. రాని ఏళ్లూ ఉన్నాయి, పైవాళ్లకు మడి నిండి కిందివాళ్లకు నెర్రెలిచ్చిన ఏళ్లు, నిన్న కనిపించిన నీళ్లు ఇవాళ మూడు పొలాల అవతలే ఆగిపోయిన ఏళ్లు. ఆ ఏళ్లు ఇప్పుడెందుకు గుర్తు రావాలి? రావద్దు. రా, రా. మోకాలి మీద చెయ్యెయ్యబోయింది, అందలేదు, నడుము వంచొద్దన్నారు. అందినంత మేర గిల్లింది. ఒంటిగంటా ఐదు.

ఇంత ఆరాటం ఒట్టి నడక కోసమే అయితే ముత్తవ్వ ఒప్పుకోదు. ఆ కాలు ఊరి కాలు. ఎదురుకాళ్లతో పుట్టిందామె, తల ముందు రాకుండా పాదాలు ముందొచ్చాయి, అందులోనూ ఎడమపాదం ముందు, తల్లి రెండు రోజులు నొప్పులు పడి చావు తప్పి బతికింది. అట్లా పుట్టినవాళ్లు నడుము తొక్కితే పట్టు వదులుతుందని ఆ చుట్టుపక్కలంతా నమ్మకం. ఏడో ఏట మొదటిసారి తొక్కింది, ఎవరో ముసలాయనను, తండ్రి రెక్క పట్టుకుని నిలబెడితే. అప్పటి నుంచి ఆదివారం పొద్దున, సూర్యుడు పొడవకముందు, గడప ముందు బోర్లా పడుకునేవాళ్లు పడుకుంటూనే ఉన్నారు: నాట్లు వేసి వంగిపోయిన ఆడవాళ్లు, చెరకు నరికేవాళ్లు, ట్రాక్టరు డ్రైవర్లు, మంజీర అవతలి నుంచి మోటార్ సైకిళ్ల మీద వచ్చే మరాఠీవాళ్లు, ఒకసారి బోధన్ నుంచి ఒక బడిపంతులు కూడా, ఎవరికీ చెప్పొద్దని బతిమాలి. మడిమతో మూడుసార్లు. రెండుసార్లు తాకించడం, మూడోసారి బరువేసి నొక్కడం. దానికో పద్ధతి ఉంది. ఏమీ తీసుకోకూడదు, కొబ్బరికాయ కూడా. తొక్కేవాళ్లు మాట్లాడకూడదు, తొక్కించుకునేవాళ్లు మూలగకూడదు, నోరు విప్పితే గుణం పోతుంది. లేచి వెళ్లేవాళ్లు వెనక్కి చూడకూడదు, వాళ్లను వెనక నుంచి పిలవకూడదు. నూటికి ఎనభైమందికి తగ్గింది. ఆ గొప్ప ఊరికే పోతుందా? పెళ్లిళ్లలో ముందు పీట ఆమెకే, గొడవల్లో ఆమె మాటకే విలువ, ఎర్రన్న భార్య అని ఆమెను ఎవరూ అనరు, ముత్తవ్వ మొగుడు అని ఎర్రన్ననే అంటారు, ఆ మానవుడు దానికీ మురిసిపోతాడు.

ఆ కాలికి ఈ గతి పట్టించింది పసుపు. మాఘమాసంలో పసుపు ఉడకబెట్టి, వేడి కొమ్ముల గంప ఎత్తబోయింది, ఎత్తుతూ పక్కకు తిరిగింది, వెన్నులో టక్కుమంది, చెవికి వినిపించలేదు గానీ ఎముకకు వినిపించింది. గంప వదల్లేదు, వదిలితే పసుపు మట్టిపాలు. మూడు రోజులు నడుము నొప్పి, ఇదేముంది, పట్టు, నేను చూడని పట్టా అనుకుంది. నాలుగో రోజు నుంచి నొప్పి నడుములో తగ్గి కాల్లోకి దిగింది, పిరుదు నుంచి తొడ వెనగ్గా, పిక్క పక్కగా, పాదం పైదాకా ఒక్క గీత గీసినట్టు. దగ్గితే ఆ గీత వెంట కరెంటు పారింది. తుమ్మాలంటే భయమేసి ముక్కు మూసుకునేది. కూర్చుంటే ఎక్కువ, నిలబడితే కాస్త నయం, అన్నం నిలబడి తిన్నది. తొక్కేది తానే, తనను తొక్కేదెవరు? అదీ ఎర్రన్నకు పుట్టిన దిగులు. ఆలోచించి ఆలోచించి ఒక ఆదివారం పొద్దున ఆమె ఎడమకాలి చెప్పే చేతిలో పట్టుకుని వచ్చాడు. "కాలు నీదే, చెప్పు నీ కాలిదే, గుణం దానికి గూడ ఉండదా?" అన్నాడు. బోర్లా పడుకోబెట్టి నడుము మీద చెప్పుతో మూడుసార్లు తాకించాడు, నోరు మెదపకుండా, పద్ధతి ప్రకారం. పడుకున్న ముత్తవ్వకు నవ్వాగలేదు, నవ్వితే కరెంటు, కరెంటు కొడితే ఏడుపు, మొగుడితో చెప్పుదెబ్బలు తిన్నాననుకుంటే మళ్లీ నవ్వు. అదీ పని చెయ్యక ఆటోలో వెన్ను కుదుపుకుంటూ సరిహద్దు పల్లెలో రుక్మాబాయి దగ్గరికి పోయారు, ఆమె కూడా ఎదురుకాళ్లతో పుట్టిందే, డెబ్బై ఏళ్లది, కర్ర పట్టుకుని నిలబడింది. "అగ బాయీ, నీ మీద కాలు వెట్టనీకె నాకు చెయ్యాడదు," అని చాయ్ తాగించి పంపింది. ఆ ముసలామె కాలు పెట్టి ఉంటే? అనుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తోంది. జలదరింపు మోకాళ్ల దాకా తెలిసింది. మోకాళ్ల దాకా! వచ్చింది, మోకాళ్లు దాటింది!

"బిడ్డా!" అని కేకేసింది. నర్సు పుష్పలత పరుగున వచ్చింది, ఏమైందోనని.

"మోకాళ్లు దిగింది, సూడు."

"అమ్మా, గంత మొత్తుకోవద్దు, కుట్లున్నయ్," అంది పుష్పలత, కానీ ఆ పిల్లకూ నవ్వొచ్చింది, చల్లటి దూది తెచ్చి మోకాలి కింద అద్దింది. ఇక్కడ తెలుస్తుందా? తెలుస్తోంది. ఇక్కడ? తెలుస్తోంది. ఇక్కడ? ముత్తవ్వ కళ్లు మూసుకుని వెతికింది. తెలియలేదు. "దిగుతది, టైముంది," అని బీపీ చూసి, సీసా చూసి, నీళ్లు రెండు గుక్కలు పట్టి వెళ్లింది. ఒంటిగంటా ఇరవై. ఎంత బాగా అడుగుతుంది ఆ పిల్ల, తెలుస్తుందా, తెలుస్తుందా అని, ఇక్కడంతా అడగడమే, వచ్చినరోజు నుంచీ అడుగుతూనే ఉన్నారు.

వచ్చినరోజు. అంగడి రోజు. నొప్పి ఆ పొద్దున ఉన్నట్టుండి తగ్గింది, తగ్గిందని ఎంత మురిసిందో, రుక్మాబాయి తొక్కకుండానే తగ్గించిందని అందరికీ చెప్పుకుంటూ, సంచి పట్టుకుని అంగడికి పోయింది. నడక మాత్రం ఏదోలా ఉంది, గుంతల్లో నడిచినట్టు, పాదం టప్పుమని పడుతోంది. వెల్లుల్లి కుప్ప ముందు కూర్చున్న లింబయ్య ఆమెను ఆ కొస నుంచి చూస్తున్నాడు. లింబయ్య ఒకప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు కట్టలు దించిన మనిషి, అది మూతపడ్డాక బియ్యం మిల్లులో మూటలు మోశాడు, ఇప్పుడు కుడికాలికి ప్లాస్టిక్ పట్టీ కట్టుకుని, పాదం వేలాడకుండా పైకెత్తి పట్టే పట్టీ అది, కూర్చుని ఎల్లిగడ్డ అమ్ముతాడు.

"అక్కా, నీ ఎడమ చెప్పు ఆడ పడ్డది," అన్నాడు. "నీకెరుకైందా?"

వెనక్కి తిరిగి చూసింది. పది గజాల అవతల, టమాటల తట్ట దగ్గర తన చెప్పు. పది గజాలు వట్టికాలితో నడిచింది, ఎండలో, రాళ్ల మీద, తెలియలేదు.

"బొటనేలు లేపు," అన్నాడు లింబయ్య.

లేపింది. లేపాననుకుంది. కుడికాలిది లేచింది, ఎడమకాలిది ఆమె మాట విననట్టు పడి ఉంది. కుప్ప వదిలేసి కుంటుకుంటూ లేచి వచ్చాడు లింబయ్య, ఎర్రన్నను వెతికి పట్టుకున్నాడు, ఆటో తానే పిలిచాడు, తనను చూసిన డాక్టరు దగ్గరికే పొమ్మన్నాడు. "నొప్పి తగ్గింది గదా, రేపు పోతం తియ్," అని ఎర్రన్న నసిగితే మీద పడ్డాడు. "నొప్పి తగ్గి కాలు పడిపోతే అది తగ్గుడు గాదే! నరం సచ్చుడు షురువైనట్టు. నేను మూడు వారాలు ఆగిన. అక్కను ఒక్క పూట గూడ ఆపకు." మూడు వారాలు. ఆటోలో కూర్చున్న ముత్తవ్వ అప్పుడు ఆ మాట వినలేదు, విన్నది కానీ లోపలికి పోనివ్వలేదు. మూడు వారాలు ఆయన ఎక్కడున్నాడో ఆమెకు తెలుసు. మూడు ఆదివారాలు ఆమె గడప ముందున్నాడు.

ఒంటిగంటా ముప్పై. పిక్క! పిక్కలో చీమలు పాకుతున్నాయి, కుడిపిక్కలో ముందు, ఇదిగో ఎడమపిక్కలో కూడా, ఎంత హాయి చీమలు, రండి, రండి, ఇంకా కిందికి. నొప్పి లేదు! ఇందాకటి నుంచి ఆ మాట అనుకోనేలేదు, చూశారా, ఆ కరెంటు గీత లేదు. దగ్గి చూద్దామా? దగ్గితే కుట్లు లాగుతాయేమో, చిన్నగా, గొంతులోనే, ఖహ్. లేదు! కుట్ల దగ్గర కొంచెం మంట, అది వేరే, కాల్లో మాత్రం ఏమీ లేదు, మళ్లీ దగ్గింది, సుఖం కోసం దగ్గింది. గదిలో ఎవరైనా ఉంటే ఈమెకు మతి పోయిందనుకునేవారు.

నొప్పికి ఒక బొమ్మ ఉంటుందని ఎవరు చెప్పారు ఆమెకు ఇన్నేళ్లూ? ఆ రోజు సాయంత్రమే సొరంగం లాంటి మిషన్లో పడుకోబెట్టారు, ఢాంఢాం చప్పుళ్లు, కదలొద్దన్నారు, కదలకుండా ఉండటం ఆమెకు వచ్చిన విద్య కాదు గానీ ఉంది. దానికంటే ముందు మల్లికార్జున్ ఎన్ని అడిగాడు! ఎక్కడ మొదలైంది, ఎక్కడిదాకా పోతుంది, వేలితో గీసి చూపించు, దగ్గితే ఏమవుతుంది, ఒంటికి పోవడం ఆగిపోయిందా, కూర్చునే చోట తిమ్మిరుందా, ఆ రెండూ ఉంటే ఈ గంటే ఆపరేషన్ అన్నాడు, లేవు. వెల్లకిలా పడుకోబెట్టి కాలు తిన్నగా పైకెత్తాడు, జానెడు ఎత్తకముందే కెవ్వుమంది. మడిమల మీద నడవమన్నాడు, కుడిమడిమ నిలిచింది, ఎడమపాదం చతికిలబడింది. బొటనవేలి మీద తన వేలు పెట్టి, నన్ను పైకి తొయ్యి అన్నాడు. తొయ్యలేకపోయింది. తర్వాత బొమ్మను దీపం ముందు పెట్టి చూపించాడు: ఇవి ఎముకలు, మధ్యలో ఈ దిండ్లు డిస్కులు, పైన గట్టి తోలు, లోపల మెత్తటి గుజ్జు, ఇదిగో ఇక్కడ తోలు చిరిగింది, గుజ్జు బయటికొచ్చి నరం మీద కూర్చుంది. నీ జబ్బు కాల్లో కాదు, నడుములోనే ఉంది, నరం పుట్టేది అక్కడ, పోయేది ఇక్కడికి. చాలామందికి కత్తి అక్కర్లేదమ్మా, మందులు, జాగ్రత్త, వ్యాయామం, ఆరు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, నీకు కాలు బలం పోతోంది కాబట్టి ఆగకూడదు. అర్థమైందా?

అర్థమైంది. అంతా చప్పున అర్థమైంది, ముప్పై ఏళ్లుగా పండగ పండగకూ పోలెలు చేసిన చెయ్యి కదా. పూర్ణం పెట్టి వత్తుతుంటే ఒక పక్క పిండి పలుచనై చిట్లుతుంది, పూర్ణం తొంగిచూస్తుంది, అప్పుడు చెయ్యి ఆపాలి, ఆ చిట్లిన పోలెను ఇంకా వత్తితే? మొత్తం పూర్ణం చేతికొస్తుంది. కొత్తకోడళ్లకు ఆమే చెబుతుంది ఆ మాట. అట్లా అనుకుని గర్వపడబోయింది, దీపం ముందున్న ఆ నల్లబొమ్మను చూస్తూ, అర్థమైంది సారూ అనబోయింది, నోట్లోనే ఆగిపోయింది. చిట్లిన పోలె మీద మడిమ. మూడుసార్లు. మూడోసారి బరువేసి.

వద్దు, సంతోషంగా ఉన్నప్పుడు అది వద్దు. ఒంటిగంటా నలభై. కుడిపాదం, అమ్మయ్యో, కుడిపాదం కదిలింది! దుప్పటి కొసన గుడ్డ లేచింది, తానే లేపింది, మళ్లీ లేపింది, ఐదు వేళ్లూ, విచ్చుకుని ముడుచుకుని. ఇప్పుడు ఎడమ. ఎడమ. లే. గుడ్డ కదల్లేదు. చీమలు చీలమండ దాకా వచ్చి అక్కడ గుంతలో పడి ఆగినట్టున్నాయి. ఆగు, గుంత నిండాలి కదా, నిండితే తలెత్తుతాయి, రెండు కాలువలకూ ఒకేసారి రావు నీళ్లు, ఒకటి ముందు ఒకటి వెనక. పందెం కోడిని చూసేవాడిలా ఆ గుడ్డ కొసనే చూస్తోంది. ఎర్రన్న వచ్చాడు, తినమని పంపితే తిన్నాడో లేదో, చేతిలో ఫోను.

"లేసిందా?"

"ఇంకా లేదు. జరాగు."

"నిన్న ఆదివారం నలుగురొచ్చి పోయిండ్రంట ఇంటికాడ. పక్కింటి భాగ్యలక్ష్మి ఫోన్ జేసింది. వచ్చే ఆదివారం మల్లొస్తమన్నరంట. ఆపరేషనంటే నమ్మలేదంట ఒకాయన. ఆమెకు ఆపరేషనేంది అన్నడంట."

అని మురిశాడు. ముత్తవ్వ మురవలేదు, ఎన్నేళ్ల తర్వాతో ఆ మాటకు మురవలేదు. నలుగురు. ఆ నలుగురిలో ఎవరికి ఒట్టి పట్టు, ఎవరికి చిట్లింది? ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఎప్పుడైనా తెలిసిందా? బోర్లా పడుకున్న మనిషి మొహం నేల వైపు, నోరు మూసుకుని, ఆమె వైపు ఒక్క వీపు. ఇక్కడ మాట్లాడించి మాట్లాడించి కనుక్కున్నారు, అక్కడ మాట్లాడితే గుణం పోతుందన్నారు. లింబయ్య మొదటి ఆదివారం నడుం పట్టుకుని వచ్చాడు. రెండో ఆదివారం కాలు పట్టుకుని వచ్చాడు, గుర్తుంది, తొడ వెనక చెయ్యేసుకుని గడప దగ్గర నిలబడి ఏదో చెప్పబోయాడు, ఆమే నోటి మీద వేలేసుకుని, ఉష్, పడుకో అని చేత్తో చూపించింది. మూడో ఆదివారం రుమాలు నోట్లో కుక్కుకుని పడుకున్నాడు. రెండుసార్లు తాకించింది. మూడోసారి నొక్కినప్పుడు ఆయన కుడికాలు ఎగిరిపడింది, గొంతు కోసిన కోడిలా, రుమాలు లోపలి నుంచి ఒక శబ్దం వచ్చింది. పట్టు వదులుతోంది అనుకుంది ముత్తవ్వ. ఇంకొంచెం బరువేసింది. లేచాడు, కళ్లల్లో నీళ్లు, దండం పెట్టాడు, తిరిగి నడిచాడు. ఆ పాదం టప్, టప్ అని పడింది, సందు మలుపు దాకా. చూసింది ఆమె. ఏదో తేడాగా ఉందని తెలిసింది, పిలుద్దామనుకుంది, వెనక నుంచి పిలవకూడదు. పిలవలేదు. రెండేళ్లు. ఆయన ఒక్కసారి కూడా ఒక్కరితో కూడా ఆ మాట అనలేదు. తాగి పడ్డాడు, అందుకే కాలు పోయిందని ఊళ్లో ఎవరో అంటే, ఆమె అవునంది. అవునంది! సిగ్గుతో మొహం కాలిపోయింది ముత్తవ్వకు, ఎర్రన్నను చూడలేక గోడవైపు తల తిప్పుకుంది. ఎల్లిగడ్డ కుప్ప వదిలేసి కుంటుకుంటూ వచ్చాడే ఆ మనిషి, ఆ జారిపోయిన చెప్పు చేత్తో పట్టుకుని.

"ఏమైందే? నొస్తుందా?"

"ఏం లేదు."

ఒంటిగంటా యాభై రెండు. మడిమ! మడిమ తగిలింది పరుపుకు, పరుపు గరుకు తెలిసింది, ఎడమమడిమ, ఏడో ఏటి నుంచి అందరి నడుముల మీదా మోపిన మడిమ, ఇప్పుడు ఒక పాత దుప్పటి మీద మోపి ఉంది, దాని కింద కుట్టు వరుస కూడా తెలుస్తోంది. అరిపాదం. పాదం పైన. వస్తోంది, వస్తోంది, ఆఖరి పొలం దాకా వస్తోంది. తెలియడం వేరు, కదలడం వేరు, డాక్టరు ముందే చెప్పాడు, చర్మానికి వచ్చినంత మాత్రాన కండకు వచ్చినట్టు కాదు. ప్రయత్నించొచ్చా? భయమేసింది. ప్రయత్నించి లేవకపోతే? ఆయన వచ్చేదాకా ఆగితే ఆ కాసేపైనా ఆశ ఉంటుంది కదా. ఇంత ఉబలాటపడ్డ మనిషి ఇప్పుడు కాలు బిగబట్టుకుని పడుకుంది. లేస్తే ఏం చేస్తావ్? ఆదివారం మళ్లీ ఆ నలుగురి మీద పెడతావా? ఎవరడిగారు ఆ మాట? ఎవరూ అడగలేదు, ఎర్రన్న కిటికీ దగ్గర ఫోను చూసుకుంటున్నాడు. తానే అడుక్కుంది. ఇన్ని రోజులూ ఈ కాలు కావాలి కావాలి అని దేవుళ్లందరికీ మొక్కింది ఎందుకో అప్పుడు తెలిసింది ఆమెకు, నడవడానికి కాదు, నిలబడి తొక్కడానికి.

తలుపు తెరుచుకుంది. మల్లికార్జున్, వెనక పుష్పలత. రెండింటికన్నాడు, రెండే అయింది. దుప్పటి తీశాడు, సూదిమొనతో అక్కడక్కడ తాకించాడు, తెలుస్తుందా, తెలుస్తుందా, మొద్దుగా ఉందా, పదునుగా ఉందా, అన్నీ అడిగాడు, అన్నీ చెప్పింది, ఇంత ఓపిగ్గా ఎవరైనా అడుగుతుంటే చెప్పడం ఎంత బాగుంటుందో. తర్వాత ఎడమ బొటనవేలి గోరు మీద తన వేలు ఆనించాడు. "ఇప్పుడు నా వేలిని పైకి తొయ్యమ్మా."

ముత్తవ్వ కళ్లు మూసుకుంది. మెడ నుంచి మొదలుపెట్టి నడుము, పిరుదు, తొడ, మోకాలు, ఆ గీత గీతంతా, ఇన్నాళ్లు మంట పారిన దారంతా, దిగి దిగి పాదం దాకా వచ్చి తోసింది. ఏమీ కాలేదు. మళ్లీ తోసింది.

"ఆఁ!" అన్నాడు మల్లికార్జున్.

కళ్లు తెరిచింది. గోరు లేచి ఉంది. వడ్లగింజంత. పడిపోయింది. మళ్లీ లేపింది, మళ్లీ లేచింది, ఈసారి ఇంకాస్త. పుష్పలత చప్పట్లు కొట్టింది, ఎర్రన్న కిటికీ దగ్గర నిలబడి ఏడ్చేశాడు, మీసాల్లోకి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా. ముత్తవ్వ లేపుతూనే ఉంది, దించుతూ, లేపుతూ, పసిపిల్ల చేతికి గిలక్కాయ దొరికినట్టు. "చాలమ్మా, చాలు, దాన్ని అలిసిపోనివ్వొద్దు," అన్నాడు డాక్టరు నవ్వుతూ. "పూర్తి బలం రావడానికి టైం పడుతుంది. రేపు నిలబెడతాం. మూడు నెలలు వంగి బరువులెత్తకూడదు, కింద కూర్చోకూడదు. మంచి టైంలో వచ్చారు."

"సారూ," అంది ముత్తవ్వ. "రెండేండ్ల కింద లింబయ్య అని వచ్చిండు నీ దగ్గరికి. కుడికాలు."

ఆయనకు గుర్తుంది. చాలా ఆలస్యంగా వచ్చాడన్నాడు.

"ఆలస్యం జేసింది నేనే. మూడు ఆదివారాలు ఆయన నడుం దొక్కిన. ఇదే కాలుతోని."

ఎర్రన్న ఏదో సర్దబోయాడు, ఆమె చెయ్యెత్తి ఆపింది. మల్లికార్జున్ మంచం పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. "తొక్కడం వల్లే పోయిందని నేను చెప్పలేనమ్మా," అన్నాడు. "తొక్కకపోయినా పోయేదేమో. తొక్కినందుకు ఇంకా ఎక్కువ చిరిగిందేమో. అది ఎవరికీ తెలీదు. మూడు వారాలు మాత్రం పోయాయి. అది తెలుసు." మందు పూసినట్టు చెప్పలేదు, కత్తి పెట్టినట్టూ చెప్పలేదు. ఉన్నది చెప్పాడు. అదే కావాలి ఆమెకు.

ఆయన వెళ్లగానే ఫోను కలపమంది మొగుణ్ని. పుష్పలత వద్దంటోంది, మాట్లాడొద్దు, రెస్టు, అంటోంది. ఒక్కటే ఒక్క ఫోను బిడ్డా అంది. అవతల మోగీ మోగకముందే ఎత్తాడు లింబయ్య, ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టు. వెనక బస్టాండు గోల.

"ఎర్రన్నా, ఏమైందే? లేసిందా?"

"నేను ముత్తక్కను. లేసింది, తమ్మీ."

"లేసిందా? బొటనేలు లేసిందా?" ఫోను పక్కకు పెట్టి ఎవరికో, అక్కడున్న అందరికీ కాబోలు, అరిచాడు, "లేసిందంట రా, మా అక్కది లేసింది!" ఆ అరుపులో ఉన్న సంతోషం ముత్తవ్వ సంతోషం కంటే పెద్దగా ఉంది, రెండేళ్లుగా లేవని తన వేలే లేచినట్టు అరుస్తున్నాడా మనిషి. మళ్లీ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఊపిరి వినిపిస్తోంది.

"లింబయ్యా," అంది. "నా గడప ముంగట పండుకున్నప్పుడు నీకెట్లయితుండె? గప్పుడు నిన్ను నోరిప్పనియ్యలే. ఇప్పుడు చెప్పు."

బస్టాండు గోల దూరమైంది, లింబయ్య పక్కకు నడిచినట్టున్నాడు.

"ఇప్పుడెందుకక్కా గదంత? నేనే గద వచ్చి పండుకున్న."

"కావాలె నాకు. వచ్చే ఆదివారం నలుగురొస్తరట. ఇంక కాలు వెట్ట ఎవల మీద. కానీ వచ్చినోళ్లను అడగాలె, అడిగి పంపాలె, ఏమడగాలెనో నాకంటే నీకెరుక. ఎక్కడ నొచ్చింది, ఎందాక పోయింది, ఏ దినం ఏమైంది, అన్ని చెప్పు. నేనింటున్న."

లింబయ్య గొంతు సవరించుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"మూడో ఆదివారం సంది చెప్పాల్నా అక్కా?"

"మొదటి ఆదివారం సంది," అంది ముత్తవ్వ, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని.